పాఠశాలకు వచ్చిన బాంబరు

యుద్ధవిమానముల చరిత్ర వ్రాయువారిలో ఒక పక్షపాతము తఱచుగా కానవచ్చును. ఒక బాంబరు ఏ నగరముపై ఎన్ని బాంబులు విడిచినది, ఏ రాత్రి ఎన్ని గుండ్లదెబ్బలు తిని తిరిగివచ్చినది, తుదకు ఎక్కడ కూలినది అను సంగతులను పేజీలకు పేజీలు వర్ణించి, అదే విమానము దాడులనుండి తొలగింపబడి శిక్షణకేంద్రమునకు చేరిన నాటితో చెప్పదగినదంతయు ముగిసినట్లే భావించి, పిమ్మట శిక్షణకు వినియోగింపబడెనని ఒక్క ముక్క వ్రాసి కలము క్రింద పెట్టుదురు. ఆ ఒక్క ముక్క వెనుక ఎంత శ్రమ, ఎంత ప్రమాదము, ఎంత శాస్త్రము ఉన్నదో తెలియవలెనన్నచో, ఏదైన ఒక్క విమానమును ఎన్నుకొని, అది కర్మాగారమునుండి వెలువడిన దినము మొదలుకొని దాని వెంట నడచుట మేలు. ఇక్కడ మన మెన్నుకొనునది వికర్సు కంపెనీవారి వెల్లింగ్టను జాతికి చెందిన ఒక విమానము. దాని సంఖ్య ఎన్-2980. సిబ్బంది దానిని ‘ఆర్ ఫర్ రాబర్ట్’ అని పిలిచెడివారు.

వెల్లింగ్టను నామము మన దేశచరిత్ర చదివినవారికి అపరిచితము కాదు. శ్రీరంగపట్టణపు ముట్టడిలోను, 1803లో అస్సాయి రణరంగమునను కనిపించి, తరువాత వాటర్లూలో నెపోలియనును జయించిన ఆర్థరు వెల్లెస్లీకి దక్కిన బిరుదే అది. ఇంత గంభీరమైన పేరు పెట్టిననేమి, సైనికులు దానిని ఖాతరుచేయక, ‘పొపాయ్’ బొమ్మలకథలో సదా తినుటయే పనిగా గల వింపీ యను స్థూలకాయుని పేరు తగిలించి, విమానముల జాతినంతను ‘వింపీ’లను చేసిరి. పొట్టిగా, బొద్దుగా ఉండిన దాని దేహమునకు ఈ రెండవ పేరే బాగుగ అమరినదని చిత్రములు చూచినవారు ఒప్పుకొనక తప్పదు.

ఈ జాతిలో మొదటి నమూనా 1936 జూన్ 15న ఎగిరెను. అప్పటినుండి 1945 వఱకు వేబ్రిడ్జి, చెస్టరు, బ్లాక్‌పూలు ప్రాంతములలోని కర్మాగారములనుండి మొత్తము 11,461 వెల్లింగ్టనులు వెలువడినవి. బ్రిటనులో మఱి యే బాంబరును ఇన్ని నిర్మింపలేదు. 26 మీటర్ల రెక్కల విరివి, దాదాపు 20 మీటర్ల పొడవు, రెండు ఇంజనులు, ముక్కునందును తోకయందును తుపాకులు బిగించి గుండ్రముగా తిరుగు గూళ్లు గల ఈ విమానము నిర్మాణమునందు ఒక అపూర్వమైన ఊహ గలదు. ఆ ఊహను గ్రహింపనిదే తరువాతి కథ బోధపడదు గనుక, కొంచెము నిదానించి దానిని పరిశీలింతము.

గోళముపై గాని, మఱి యే వంపుగల తలముపై గాని రెండు బిందువులమధ్య గల అతిహ్రస్వమైన మార్గమును గణితవేత్తలు ‘జియోడెసిక్’ రేఖ యందురు. బార్న్సు వాలిస్ అను శిల్పి మొదట ఆర్-100 అను ఆకాశనౌకను నిర్మించినవాడు. అందులో వాయువు నింపిన పెద్ద సంచులను అదిమి ఉంచుటకై తీగల వలను ఎట్లు పరచవలెనో యోచించుచుండగా, తీగ తనంత తాను ఈ హ్రస్వమార్గమునే అనుసరింపజూచునని అతడు గమనించెను. విమానదేహమునే అట్టి వలగా ఏల నిర్మింపరాదు? అంతవఱకు విమానములకు వరుసగా చట్రములను నిలిపి, వానిని పొడవాటి కమ్ములతో కలిపి, పైన రేకు తాపెడివారు. వాలిస్ డ్యురాల్యుమిను అను తేలికలోహపు పట్టీలను కుడినుండి ఎడమకు కొన్నింటిని, ఎడమనుండి కుడికి కొన్నింటిని దేహము చుట్టును ఏటవాలుగా మెలిదిప్పి, అవి కలసికొనిన ప్రతి కూడలియందును బిగించెను. మేదరివారు బుట్ట అల్లినట్లే యున్న ఈ అల్లికలో, విమానము మెలిపడజూచినప్పుడు ఒక దిక్కు పట్టీలు లాగబడును, రెండవ దిక్కు పట్టీలు అదుమబడును. రెండును కూడలివద్ద ఒకదాని బలమును మఱియొకటి అడ్డగించి సరిపుచ్చును. నాలుగైదు పట్టీలను గుండ్లు త్రెంచివేసినను భారము ప్రక్క పట్టీలకు పంచుకొనబడును గాని, దేహము చీలిపోదు. బట్ట కాలి, లోపలి అల్లిక అస్థిపంజరమువలె బయటపడిన స్థితిలో వెల్లింగ్టనులు ఇల్లు చేరిన సందర్భములు పెక్కు గలవు.

బట్ట యన్నమాట చదువరిని ఆశ్చర్యపఱుపవచ్చును. ఈ లోహపు అల్లికపైన రేకు లేదు. ఐరిష్ నారబట్టను కప్పి, అది బిగుసుకొనునట్లు ఒకవిధమైన లేపనము పూసెడివారు. అల్లిక ప్రతిక్షణమును కొద్దిగా సాగుచు ముడుచుకొనుచు ఉండునట్టిది గనుక, బిఱుసైన రేకు దానికి పొసగదు. ఇట్లు 1930ల నాటి అతి నవీనమైన గణితమునకు, తాతలనాటి నేతబట్టకు ఒక్కచోట పొత్తు కుదిరినది. మన విమానము మునిగి తేలిన తరువాత మిగిలినదేది, పోయినదేది అన్న ప్రశ్నకు సమాధానము ఈ పొత్తులోనే ఉన్నది.

ఎన్-2980 బ్రూక్‌లాండ్సు మైదానమునుండి 1939 నవంబరులో మొదటిసారిగా ఎగిరి, ఆ నెలలోనే మిల్డెన్‌హాలు నందలి 149వ స్క్వాడ్రనులో చేరినది. యుద్ధ మారంభమై అప్పటికి మూడు నెలలైనను కాలేదు. యుద్ధము ప్రకటింపబడిన మఱునాడే, అనగా సెప్టెంబరు 4న, జర్మను నౌకలపై జరిగిన మొదటి దాడిలో ఈ 149వ స్క్వాడ్రను వెల్లింగ్టనులు కొన్ని పాల్గొన్నవి. అదే దినమున విల్‌హెల్మ్స్‌హావెను రేవుపైకి పోయిన బ్లెన్‌హైము బాంబర్లలో కొన్ని 110వ స్క్వాడ్రనువి. 1918లో దానికి విమానములు కొనుటకు ధనమిచ్చినవాడు నిజాము నవాబు గావున దానికి ‘హైదరాబాదు స్క్వాడ్రను’ అని పేరు. మన ప్రాంతపు పన్నులధనమునకు ఐరోపా యుద్ధపు తొలి బాంబులతో ఇట్టి దూరపు చుట్టరికము కలదని ఎఱిగినవారు అరుదు.

ఆ కాలపు వైమానికనిపుణులకు ఒక దృఢవిశ్వాసము ఉండెడిది: బాంబర్లు ఒకదానికొకటి దగ్గరగా గుంపుగూడి ఎగిరినచో, వాని తుపాకులన్నియు కలసి ఏ శత్రుయోధవిమానమును దరిజేరనీయవు, కావున వెంట రక్షకవిమానములు లేకున్నను పట్టపగలు శత్రుదేశముపైకి పోవచ్చును. ఈ విశ్వాసమును 1939 డిసెంబరు 18 భగ్నము చేసినది. ఆనాడు 24 వెల్లింగ్టనులు జర్మనుల యుద్ధనౌకలను వెదకుటకు హెలిగోలాండు అఖాతమువైపు బయలుదేరినవి. రెండు మధ్యలోనే తిరిగిపోగా, 22 ముందుకు సాగినవి. ఆకాశమున మేఘము లేదు. తీరమునందలి ‘ఫ్రేయా’ రాడారు 100 కిలోమీటర్లకు మించిన దూరమునుండియే వానిని పసిగట్టినది. వెల్లింగ్టనుల తుపాకిగూళ్లు ముందునకును వెనుకకును కాల్చగలవేకాని, సరిగ్గా ప్రక్కకు తిరుగవు. జర్మను వైమానికులు ఈ లోపమును కనిపెట్టి ప్రక్కలనుండి విరుచుకుపడిరి. గుండు దిగిన పెట్రోలుతొట్టి తనంత తాను పూడుకొను ఏర్పాటు కూడ అప్పటికి పూర్తిగా లేదు. ఇరువదిరెంటిలో పండ్రెండు నాశనమైనవి. తిరిగివచ్చినవానిలో ఎన్-2980 ఒకటి.

ఇక్కడ ఒక తారీఖును గూర్చి చెప్పక ముందుకు పోలేను. ఈ యుద్ధమునకు సరిగ్గా ముందునాడు, డిసెంబరు 17న, కెనడా రాజధాని ఒటావాలో బ్రిటను, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండుల ప్రతినిధులు సామ్రాజ్యమంతటికిని వైమానికులను తయారుచేయు మహాశిక్షణప్రణాళికపై సంతకములు చేసిరి. యుద్ధాంతమునకు ఆ ప్రణాళిక క్రింద 1,31,000 మందికి పైగా తర్ఫీదు పొంది వెలువడిరి. పత్రికలలో ఆ వారము యుద్ధవార్తకు దక్కిన స్థలము ఈ ఒడంబడికకు దక్కి యుండదు. కాని యుద్ధఫలితమును నిర్ణయించుటలో రెండవదానికే ఎక్కువ పాత్ర యున్నదని నా అభిప్రాయము.

హెలిగోలాండు పరాభవము నేర్పిన పాఠము సులభమే: పగటిపూట పోరాదు, రాత్రివేళనే పోవలెను. కాని రాత్రి పోవుటయన నేమి? పగలు క్రింద నది కనబడును, రైలుమార్గము కనబడును, పట్టణము కనబడును. యుద్ధకాలపు రాత్రి దీపములన్నియు ఆర్పిన ఖండముపై, మేఘముల మీదుగా పోవు విమానమునుండి ఏమియు కనబడదు. అట్టి చీకటిలో తా నెక్కడ ఉన్నదియు వైమానికుడు లెక్కకట్టి తెలిసికొనవలసినదే. ఈ లెక్క ఎట్టిదో చూడుడు. దిక్సూచి ముక్కు ఏ దిక్కున ఉన్నదో చెప్పును. వేగమాపకము గాలిలో ఎంత వేగముతో పోవుచున్నదో చెప్పును. గడియారము ఎంతసేపైనదో చెప్పును. ఈ మూడింటిని కలిపి పటముపై గీత గీసినచో విమానముండవలసిన చోటు వచ్చును, గాలియే కదలకుండ ఉన్నపక్షమున! గాలి కదలును. గంటకు 40 కిలోమీటర్ల అడ్డగాలి వీచుచుండగా నావిగేటరు దానిని గుర్తింపనిచో, రెండు గంటల ప్రయాణమైన పిమ్మట విమానము పటముమీది గీతకు 80 కిలోమీటర్ల దూరమున ఉండును. విజయవాడకని బయలుదేరి, లెక్క సరిగ్గా వేసితి నన్న ధీమాతో ఏలూరును దాటిపోవుట వంటిది ఇది.

గాలిని కనిపెట్టుటకు ఉపాయము నక్షత్రములు. సెక్‌స్టాంటు అను కోణమానముతో ఒక తార ఎత్తును కొలిచి, పట్టికలు చూచి గుణించిన, ఆ క్షణమున విమానము ఏ రేఖపై ఉన్నదో తెలియును. రెండుమూడు తారలను కొలిచిన రేఖలు ఖండించుకొను చోటే విమానస్థానము. కాని కోణములో ఒక్క కళ, అనగా డిగ్రీలో అరువదవవంతు, తప్పినను స్థానములో 1.85 కిలోమీటర్ల భేదము వచ్చును. భూమధ్యరేఖదగ్గర గడియారము నాలుగు సెకండ్లు తప్పినను అంతే భేదము. ఊగుచు, వణకుచు, చలితో వ్రేళ్లు కొంకర్లు పోవుచు ఉన్న విమానములో నిలబడి, అందును శత్రువు కాల్పుల మధ్య, ఈ సూక్ష్మత సాధించుట పుస్తకము చదివిన మాత్రాన వచ్చు విద్య కాదు. 1941 ఆగస్టులో ‘బట్ నివేదిక’ అను పేర ప్రసిద్ధమైన పరిశీలన, విమానములనుండి తీసిన ఛాయాచిత్రములను లెక్కించి, లక్ష్యముపై దాడిచేసితిమని చెప్పుకొన్న విమానములలో మూడింట ఒక్కటి మాత్రమే లక్ష్యమునకు ఐదు మైళ్లలోపల చేరినదని తేల్చెను. ధైర్యసాహసములకు లోటు లేదు, లోటు చదువులో.

ఈ చదువు చెప్పుటకే 1940 వేసవినాటికి బ్రిటనులో దాడికి ముందటి ఆఖరి తరగతి యనదగిన శిక్షణకేంద్రములు వెలసినవి. వీనిని ‘ఆపరేషనల్ ట్రైనింగ్ యూనిట్’ లనెడివారు. కెనడాలోనో, దక్షిణాఫ్రికాలోనో విడివిడిగా పైలటు, నావిగేటరు, రేడియో ఆపరేటరు, తుపాకిగాడు అయివచ్చిన యువకులు ఇక్కడ ఒక్క జట్టుగా కూడెడివారు. జట్టు కూర్చు విధానము విచిత్రమైనది. అధికారులు జాబితాలు వ్రాసి జట్లు కట్టెడివారు కారు. అందఱిని ఒక పెద్ద హ్యాంగరులోనికి పంపి, మీలో మీరే ఏర్పఱచుకొనుడని విడిచిపెట్టెడివారు. ఎవరి ముఖము చూచి ఎవరికి నమ్మకము కలుగునో వారు కలిసెడివారు. వివాహసంబంధము కుదుర్చుటలో మనవారు చూపు విచారణలో పదవవంతైనను ఇందులో లేదు. అయినను ఈ పద్ధతియే యుద్ధాంతమువఱకు నిలిచినదన, అది తగిన ఫలితమే ఇచ్చెనని అనుకొనవలెను.

ఇట్టి కేంద్రములకు క్రొత్త విమానములు దొరకునా? క్రొత్తవి దాడులకు; దాడులలో అరిగి, అతుకులు పడి, కాలము చెల్లినవి విద్యార్థులకు. 1940 మే నెలలో ఎన్-2980 ఫెల్ట్‌వెల్‌లోని 37వ స్క్వాడ్రనుకు మారి, రాత్రి దాడులు 14 చేసి, అక్టోబరులో స్కాట్లండు ఈశాన్యతీరమునందలి లాసీమౌతు చేరినది. అక్కడ 20వ శిక్షణకేంద్రము కొలది నెలలనుండి వెల్లింగ్టనులతో నడుచుచున్నది. మొదట దిగుట, ఎగురుట. మరల దిగుట, మరల ఎగురుట. పిమ్మట సముద్రతీరమున బాంబుల అభ్యాసము. పిమ్మట పగటివేళ దేశాటనము. తుదకు రాత్రి దేశాటనము. చివరి పరీక్షగా కొందఱు ఫ్రాన్సుపై కరపత్రములు వెదజల్లివచ్చెడివారు. విద్యార్థి తప్పుచేయును, ఇంజను పాతది, క్రింద కొండలు, పైన ఉత్తరసముద్రపు వాతావరణము. ఈ నాలుగును ఒకేమారు కలసివచ్చిన దినమున ఎవ్వరును గురిపెట్టి కాల్పకుండగనే విమానములు కూలెడివి. యుద్ధకాలములో బాంబరు కమాండు కోల్పోయిన 55,573 మంది వైమానికులలో 8 వేలమందికి పైగా శత్రువు చేతిలో కాక శిక్షణలోను, ఇతర ప్రమాదములలోను అసువులు బాసిరి. స్మారకశిలలపై వీరి పేర్లు వేరుగా చెక్కలేదు. చెక్కకుండుటయే న్యాయమని నేననుకొందును.

1940 డిసెంబరు 31, మధ్యాహ్నము. స్క్వాడ్రను లీడరు మార్వుడ్-ఎల్టను పైలటుగా, నావిగేషను నేర్చుకొను విద్యార్థులతో సహా మొత్తము ఎనిమిదిమందితో ఎన్-2980 లాసీమౌతునుండి లేచినది. మొనలియా కొండలమీదుగా పోవుచుండ మంచుతుఫాను క్రమ్ముకొనెను. సుమారు 8,000 అడుగుల ఎత్తున కుడివైపు ఇంజను నిలిచిపోయెను. నాటి పెగసస్ ఇంజనుల వెల్లింగ్టనునకు ఇది ఎంత విపత్కరమో చెప్పవలెను. నేటి విమానములలో ఇంజను చెడినప్పుడు ప్రొపెల్లరు రేకులను గాలికి అంచు చూపునట్లు త్రిప్పి నిలుపవచ్చును. ఆ విమానములలో అట్టి సౌకర్యము లేదు. ఆగిన ఇంజనుయొక్క ప్రొపెల్లరును ఎదురుగాలి బలవంతముగా త్రిప్పుచుండును, అట్లు త్రిప్పుటకు పట్టు బలమంతయు విమానమును వెనుకకు ఈడ్చును. మిగిలిన ఒక్క ఇంజను ఈ ఈడ్పును, దేహభారమును రెండింటిని మోయజాలదు. విమానము మెల్లమెల్లగా క్రిందికి జాఱుట తప్పదు. క్రింద మేఘము, మేఘము క్రింద కొండ.

పారాషూటులతో దుముకుడని పైలటు ఆజ్ఞాపించెను. ఆఱుగురు దుమికిరి. అందులో ఐదుగురు ప్రాణములతో నేల చేరిరి. వెనుక తుపాకిగూటి సార్జంటు పారాషూటు విమానమునకు చిక్కుకొనుటచే మరణించెను. పైలటును, సహపైలటును మాత్రము మిగిలిరి. మేఘములలో ఒకచోట సందు కనబడెను. ఆ సందులో పొడవుగా, నల్లగా నీరు. అది నెస్ సరస్సు. విమానమును ఆ నీటిపై దింపుటకు మార్వుడ్-ఎల్టను నిశ్చయించెను. ఉర్క్‌హార్టు కోటకు చేరువగా, నీటిమీద పొట్ట ఆనించి దింపిన ఆ దింపుట ఎంత నేర్పుతో జరిగినదనగా, ఇరువురును రెక్కమీదికి నడచివచ్చి, రబ్బరుపడవ విప్పుకొని, తెడ్లు వేసికొనుచు ఒడ్డుచేరి, దారినపోవు లారీ నొకదానిని ఆపి ఇన్వర్నెస్ పట్టణమునకు పోగలిగిరి. వెల్లింగ్టను వారి వెనుక మునిగిపోయెను. శిక్షణకేంద్రపు లెక్కలలో ఒక విమానము తగ్గినది. అంతటితో కథ ముగియవలసినదే.

నెస్ సరస్సు సామాన్యమైనది కాదు. 37 కిలోమీటర్ల పొడవున, కొన్నిచోట్ల 230 మీటర్లకు దిగిన లోతున, ఇంగ్లండు వేల్సులలోని సరస్సులన్నింటి నీరు కలిపినను సాటిరానంత నీటితో నిండినది. చుట్టుకొండల పీటునేలలనుండి దిగు నీరు దానిని కాఫీరంగునకు త్రిప్పుటచే, కొలది మీటర్లు దిగగనే వెలుతురు నశించును. అడుగున నీరు ఏడాది పొడుగునను ఐదాఱు డిగ్రీల చలిలోనే ఉండును. ఈ గుణములే మన విమానమును కాపాడినవి. సముద్రపునీటిలోని ఉప్పు అల్యూమినియము మిశ్రలోహములను కొఱికి తినును; ఇది మంచినీరు. వేడిమి హెచ్చిన కొలదియు రసాయనక్రియలు త్వరపడును. ఇక్కడ ఎల్లప్పుడును చలి. వెలుతురు లేనిచోట నాచు పెరుగదు. నారబట్ట మాత్రము చాలవఱకు చివికి పోయెను. లోహపు అల్లిక నిలిచెను.

విమానము మరల వెలుగుచూచిన వైనము విచిత్రము. నెస్ సరస్సులో ఒక వింతజంతువు కలదను ప్రవాదమును విననివారు తక్కువ. దానిని కనిపెట్టుటకు 1976లో అమెరికానుండి ఒక బృందము ప్రక్కచూపు సోనారుతో వచ్చెను. పడవ వెనుక నీటిలో ఈడ్వబడు ఒక యంత్రము ఇరుప్రక్కలకు విసనకఱ్ఱ ఆకృతిలో శబ్దతరంగములను పంపి, ప్రతిధ్వనులను గీత తరువాత గీతగా కాగితముపై ముద్రించును. గట్టి వస్తువునుండి ప్రతిధ్వని బలముగా వచ్చును. దాని వెనుక శబ్దము సోకని చోట నీడ ఏర్పడును. ఆ నీడయే వస్తువు ఆకారమును ఎక్కువగా బయటపెట్టును. సోనారునిపుణుడు మార్టిన్ క్లైను కాగితముపై జంతువునకు బదులు రెక్కలుగల విమానమును చూచెను. మొదట అది కాటలీనా అను సముద్రవిమానమని తలచిరి. తరువాత ఎడింబరోలోని హెరియట్-వాట్ విశ్వవిద్యాలయమువారు నీటిలోనికి దూరనియంత్రిత కెమెరాలను పంపి, లోహపు అల్లికను చూచి, వెల్లింగ్టను అని నిర్ణయించిరి. వాలిస్ గణితమే గుర్తింపుచిహ్నముగా ఉపకరించెనన్నమాట. జంతువు నేటికిని దొరకలేదు; వెదకినవారికి అంతకంటె విలువగలదే దొరకినదని నా తీర్పు.

70 మీటర్ల లోతునుండి దానిని తీయుట సులభసాధ్యము కాదు. నలువది యేండ్లు నీటిలో నానిన అల్లికను ఒక్కచోట పట్టి లాగిన విఱిగిపోవును. అందుచే ఉక్కుచట్రమొకటి చేసి, బరువు అన్నిచోట్లకు పంచి, నెమ్మదిగా ఎత్తదలచిరి. మొదటి ప్రయత్నమున చట్రమే వంగిపోయెను. బాగుచేసి మరల ప్రయత్నించి, 1985 సెప్టెంబరు 21న విమానమును నీటిపైకి తెచ్చిరి. తోకనున్న దీపమును క్రొత్త బ్యాటరీకి తగిలింపగా వెలిగెను! నలువదిఐదు సంవత్సరములు మునిగియున్న బల్బులోని సన్నని తీగ చెడలేదు. గాజు పగులలేదు కనుక గాలి చొరలేదు, గాలి చొరలేదు కనుక తీగ మాడలేదు. ఇందులో అద్భుతమేమియు లేదని తెలిసికొన్న పిమ్మటకూడ, ఆ వెలుగును చూచినవారికి కలిగిన ఆనందము తగ్గునని అనుకొనను.

విమానమును బ్రూక్‌లాండ్సునకే, అనగా అది పుట్టిన చోటికే, తీసికొనిపోయిరి. అక్కడ ఏర్పడిన ప్రదర్శనశాలలో స్వచ్ఛందసేవకులు, వారిలో పలువురు పూర్వము వికర్సు కర్మాగారమున పనిచేసినవారే, దశాబ్దములపాటు శ్రమించి దానిని బాగుచేసిరి. దేహమంతటికిని మరల బట్ట కప్పక, లోపలి అల్లిక కనబడునట్లు పెద్దభాగమును విప్పియే ఉంచిరి. ఇది సరియైన నిర్ణయము. బట్ట కప్పిన వెల్లింగ్టను బొద్దుగా నున్న ఒక పాత విమానము. బట్ట లేని వెల్లింగ్టను ఒక రేఖాగణితపాఠము.

నిర్మింపబడిన 11,461 వెల్లింగ్టనులలో ప్రపంచమున నేడు మిగిలినవి రెండు మాత్రమే. ఒకటి ఇది. రెండవది ఎం.ఎఫ్.-628, 1944లో తయారై, ఏ దాడిలోను పాల్గొనక, యుద్ధానంతరము నావిగేషను నేర్పు శిక్షణవిమానముగా మార్పబడినట్టిది. రెండును పాఠశాలకు చెందినవే యగుట కాకతాళీయము కాదు. శత్రుదేశముపై కూలినవి ముక్కలైపోయినవి. క్షేమముగా ఉన్నవి యుద్ధము ముగియగనే కరగింపబడినవి. తరగతిగదిలోని పాతబల్లవలె ఇంకను పనికివచ్చునని ఉంచుకొన్నవానికే ఆయుర్దాయము మిగిలినది.

చదువరి ఈ విమానమును శిక్షణకు దింపుటను అవమానముగా తలపకుండుటకు ఒక్క రాత్రి లెక్క చాలును. 1942 మే 30 రాత్రి జర్మనీలోని కొలోన్ నగరముపైకి 1,047 విమానములు పంపబడెను. వానిలో 602 వెల్లింగ్టనులు. అంత సంఖ్య ముందువరుస స్క్వాడ్రనులలో లేకపోవుటచే, 360కి పైగా విమానములను శిక్షణకేంద్రములనుండియే తేవలసివచ్చెను. వానిని నడిపినవారు కొందఱు ఉపాధ్యాయులు, కొందఱు ఇంకను చదువు ముగియని విద్యార్థులు. ఆ దాడి ఆ నగరపు సామాన్యప్రజలకు తెచ్చిన వినాశము వేరొక అధ్యాయమునకు చెందిన విషయము; దానిని మఱచి ఈ సంఖ్యలను మెచ్చుకొనుట తగదు. కాని ముందువరుసకును పాఠశాలకును మధ్య గోడ ఎంత పలుచనిదో ఆ రాత్రి స్పష్టమైనది.

వెల్లింగ్టనులు 1943 అక్టోబరులో బాంబరు కమాండు దాడులనుండి విరమించుకొన్నవి. వాని స్థానమును నాలుగు ఇంజనుల లాంకాస్టరులు ఆక్రమించెను. శిక్షణలో మాత్రము వెల్లింగ్టను అటుపై పదేండ్లు కొనసాగి, జెట్ యుగము వచ్చిన తరువాతకూడ నావిగేటర్లకు తారలను కొలుచుట నేర్పుచు, 1953 మార్చిలో పదవీవిరమణ పొందెను.